ఎక్స్‌హెచ్‌టీఎంఎల్-ప్రింట్: చవక ప్రింటర్ల మార్కప్‌ను కొలిచి చూస్తే

ముందు ఒక లెక్క. ఏ4 కాగితం మీద 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీయాలంటే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు. రంగుల్లో చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే పేజీ మొత్తానికి దాదాపు 26 మెగాబైట్లు కావాలి. 128 గీతల పట్టీ ఒక్కటి చాలు అనుకుంటే మెగాబైటు కూడా పట్టదు. చవక ప్రింటర్‌లో మెమరీ పెట్టేది ఈ రెండో లెక్కకే. అది పేజీని మొత్తంగా ఎన్నడూ చూడదు. పైనుంచి ఒక్కో పట్టీ గీస్తుంది, కాగితాన్ని ముందుకు నెడుతుంది, గీసింది మరిచిపోతుంది. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలే లేదు.

ఈ నిజాన్ని మొదటి పేజీలోనే ఒప్పుకుని రాసిన ప్రమాణం ఎక్స్‌హెచ్‌టీఎంఎల్-ప్రింట్. ప్రింటర్‌కు పంపే పత్రంలో ఏది ఏమిటో ట్యాగ్‌లతో చెప్పే రాతను మార్కప్ అంటారు, దానికి ఇది నియమావళి. నా దృష్టిలో దాని అసలు బలం అదే. ప్రింటర్ పరిశ్రమ బృందమైన ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ మొదలుపెట్టిన ఈ పనిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ అందుకుంది. 2004లో ‘అమలు చేసి చూపండి’ అనే దశకు వచ్చింది, 2006 సెప్టెంబర్‌లో సిఫారసుగా ఖాయమైంది, 2010లో రెండో కూర్పు వచ్చింది. డ్రైవర్ వేసుకునే వీలు లేని ఫోన్ నుంచో కెమెరా నుంచో నేరుగా కాగితం తీయడం దీని ఉద్దేశం. బ్లూటూత్ బేసిక్ ప్రింటింగ్ ప్రొఫైల్, యూపీఎన్‌పీ ప్రింటర్లు దీన్ని వాడుకున్నది అందుకే. లేఅవుట్ ఒక ప్రింటర్‌కీ మరో ప్రింటర్‌కీ కాస్త తేడాగా రావచ్చని ప్రమాణమే చెబుతుంది. కొన్న బియ్యం బిల్లుకు అది సరిపోతుంది. గీతల మధ్య అంకెలు కచ్చితంగా పడాల్సిన ముందే అచ్చేసిన ఫారానికి సరిపోదు.

బాగా ఆలోచించిన చోటు బొమ్మల వ్యవహారం. ప్రింటర్‌కు తప్పనిసరి చేసింది బేస్‌లైన్ జేపెగ్. ఇది పైనుంచి కిందికి చిన్న చిన్న చదరాలుగా విప్పుకుంటూ పోయే రకం, అందుకే పట్టీ మెమరీలో ఇమిడిపోతుంది. ప్రోగ్రెసివ్ జేపెగ్ అలా కాదు. ముందు మసకగా మొత్తం బొమ్మ, తర్వాత దాని మీద మెరుగులు వస్తాయి కాబట్టి బొమ్మ అంతా మెమరీలో నిలవాలి. ఫోన్‌లో చక్కగా కనబడిన ఫొటో ప్రింటర్ దగ్గర ఖాళీ డబ్బాగా మిగిలిందంటే మొదట చూడాల్సింది ఈ తేడానే. సేవ్ చేసేటప్పుడు ప్రోగ్రెసివ్ టిక్ తీసేస్తే సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి.

బొమ్మ ఎప్పుడు చేరాలన్నది ఇంకో చిక్కు. మార్కప్ అంతా పంపి, చివర బొమ్మలు పంపితే మొదటి పేజీ బొమ్మ కోసం ప్రింటర్ మొత్తం పత్రాన్ని దాచుకోవాలి. దీనికి తోడుగా 2002 డిసెంబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3391 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చక్కటి దారి చూపించింది. పత్రాన్నీ బొమ్మలనూ ముక్కలు చేసి కలగలిపి పంపుతారు. ఒక్కో ముక్క నుదుట అది ఏ సందేశానిది, ఎన్ని బైట్లు, ఇంకా మిగిలి ఉందా, ఇదే ఆఖరా అని రాసి ఉంటుంది. బొమ్మ ట్యాగ్ వచ్చేదాకా మార్కప్, ఆ వెంటనే ఆ బొమ్మ, మళ్లీ మార్కప్. వంటమనిషికి కూర తాలింపులో పడే వేళకే కరివేపాకు అందించినట్టు ఉంటుంది. పంపే వైపు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ వరుసను పట్టించుకోకపోతే మాత్రం ఆ ఏర్పాటంతా వృథా.

వెడల్పు, ఎత్తు రాయకపోతే ఏమవుతుందో చూడండి. పేజీ రూపురేఖలు చెప్పే స్టైల్ భాష సీఎస్ఎస్‌లో ఒక పిక్సెల్ అంగుళంలో 96వ వంతు. 300 డీపీఐలో 180 మిల్లీమీటర్ల వెడల్పు నిండాలని 2126 పిక్సెళ్ల బొమ్మ తయారుచేసి, కొలత చెప్పకుండా వదిలేస్తే అది 22 అంగుళాలుగా పరుచుకుంటుంది. కాగితమేమో ఎనిమిదింపావు. కుడివైపంతా తెగిపోతుంది. స్టైల్‌లో వెడల్పు 180 మిల్లీమీటర్లు అని, ఎత్తు కూడా మిల్లీమీటర్లలో రాయాలి. అప్పుడు బొమ్మ ఇంకా దారిలో ఉండగానే దానికి ఎంత చోటు వదలాలో ప్రింటర్‌కు తెలుస్తుంది.

టేబుళ్ల దగ్గర ప్రమాణం కఠినంగా ఉంది, ఆ కాఠిన్యం న్యాయమే. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ బేసిక్ నుంచి తెచ్చుకున్న సాదా టేబుల్ ఇది. టేబుల్‌లో టేబుల్ పెట్టకూడదు. నిలువు వరుసల వెడల్పు చెప్పకపోతే ఆఖరి అడ్డు వరుసలో పొడుగాటి మాట ఉందేమో చూసేదాకా మొదటి వరుస గీయడం కుదరదు. 200 వరుసల జాబితా అయితే అంతా మింగాకే నోరు విప్పాలి, అంతలో మెమరీ నిండిపోతుంది. అందుకే మొదటి వరుస గడుల్లోనే వెడల్పులు రాయండి. ఏ4కు రెండు పక్కలా 15 మిల్లీమీటర్లు వదిలితే 180 మిగులుతుంది. వరుస సంఖ్యకు 15, సరుకు పేరుకు 95, పరిమాణానికి 30, మొత్తానికి 40 అని పంచుకుంటే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. కానీ సీఎస్ఎస్ వెడల్పులో గడి లోపల అంచుల దగ్గర వదిలే ఖాళీ, అంటే ప్యాడింగ్, కలవదు. గడికి రెండు వైపులా 2 మిల్లీమీటర్ల చొప్పున పెడితే నాలుగు గడులకు 16 పెరిగి 196 అవుతుంది, చివరి నిలువు వరుసలో పైసలు కుడిపక్క వదిలిన ఖాళీలోకి జరిగిపోతాయి. సరుకు పేరుకు 79 ఇచ్చి ఆ 16 అక్కడే మిగుల్చుకోవాలి.

శీర్షిక వరుస ప్రతి పేజీలో మళ్లీ రావడానికి అవసరమైన ట్యాగ్‌లు ఈ సాదా టేబుల్‌లో లేవు. బిల్లులు, మార్కుల జాబితాలు ప్రింట్ తీసేవాళ్లకు ఇది నిజమైన లోటు. పెద్ద జాబితాను పేజీకి సరిపడే వరుసలతో విడి టేబుళ్లుగా కోసి, ఒక్కోదాని తలమీద శీర్షిక మళ్లీ రాసి, ముందు పేజీ విరుపు పెట్టడం తప్ప దారి లేదు.

స్క్రిప్టుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ప్రింటర్ వాటిని నడపదు. ఈ మార్కప్‌కు పునాది అయిన ఎక్స్‌ఎంఎల్ నిక్కచ్చితనం గురించి మాత్రం చెప్పాలి. దుకాణం పేరులో ఆంపర్‌సాండ్ (&) గుర్తు ఒకటి నేరుగా పడితే చాలు, అక్కడ చదవడం ఆగిపోతుంది. పైనుంచి గీసుకుంటూ వచ్చిన ప్రింటర్ అప్పటికే సగం కాగితం బయటికి నెట్టేసి ఉంటుంది. కాబట్టి పంపే ముందు ఎక్స్‌ఎంఎల్ పార్సర్‌తో, అంటే ఆ రాతను చదివి తప్పు పట్టే ప్రోగ్రామ్‌తో, ఒకసారి సరిచూడాలి.   లాగా గుర్తులను పేర్లతో రాసే ఎంటిటీలను కూడా నమ్ముకోవద్దు. ఆ పేర్ల అర్థాలు రాసి ఉండే బయటి ఫైలు డీటీడీని తెచ్చి చదవని పార్సర్‌కు ఆ పేర్లు తెలియవు. విరగని ఖాళీ కావాలంటే అంకెతో,   అనే రాయాలి. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. అంతకు ముందు ఫాంట్‌తో తయారైన ప్రింటర్ దగ్గర దాని బదులు డబ్బా పడుతుంది.

ఇక మనకు తగిలే అసలు దెబ్బ. ఎక్స్‌ఎంఎల్ కాబట్టి అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని చదవడం ఖాయం. తెలుగు బైట్లు ప్రింటర్‌కు భద్రంగా చేరతాయి. చేరాక గీయడానికి తెలుగు ఫాంట్ ఉండాలి, ఫాంట్ ఉన్నా అక్షరాలు కూర్చే తెలివి ఉండాలి. ‘లక్ష్మి’ అన్న మాట చూడండి. యూనికోడ్‌లో అది ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. కాగితం మీద కనబడాల్సింది రెండే అక్షరాలు. రెండోదాంట్లో క కింద షవత్తు, దానికి మవత్తు, తల మీద గుడి, అన్నీ వాటి వాటి చోట్ల కుదురుకోవాలి. ఏ సంకేతానికి ఆ బొమ్మ వరసగా వేసుకుపోయే ప్రింటర్‌లో పొల్లులు విడివిడిగా నిలబడతాయి. ఫలానా లిపి నాకు రాదు అని ప్రింటర్ ముందే చెప్పి, పంపేవాళ్లు వేరే దారి పట్టేలా ఒక తప్పనిసరి ఏర్పాటు ప్రమాణంలోనే ఉండాల్సింది. చుక్కల మెమరీ గురించి అంత ఆలోచించినవాళ్లు లిపుల దగ్గర ఫాంట్ ఉంటే ఉంది, లేకపోతే లేదు అన్నట్టు వదిలేయడం బాధ కలిగించే సంగతి.

తప్పనిసరై తెలుగు పంపాల్సి వస్తే తెలుగు భాగాన్ని బొమ్మగా మార్చడమే మార్గం. 2126 పిక్సెళ్ల వెడల్పున, నలుపు-తెలుపు ఛాయల బేస్‌లైన్ జేపెగ్‌గా, నాణ్యత 90కి తగ్గకుండా తీయండి. తగ్గితే వత్తుల చుట్టూ బూడిద మరకలు పడతాయి. పేజీ అంతా ఒకే బొమ్మ చేయకుండా 192 పిక్సెళ్ల ఎత్తు పట్టీలుగా కోయండి. ఎనిమిది పిక్సెళ్ల చదరాలు తెగకుండా సరిగ్గా కుదిరే కొలత అది. కోత అక్షరాల మీద కాకుండా పంక్తుల మధ్య ఖాళీలో పడేలా పంక్తి ఎత్తును 64 పిక్సెళ్లుగా పెట్టుకుంటే పట్టీకి మూడు పంక్తులు వస్తాయి. పట్టీకీ పట్టీకీ మధ్య సన్నని తెల్ల చార కనబడిందంటే, బొమ్మ మామూలు అక్షరంలా పంక్తి మీద కూర్చుని పంక్తి కిందికి దిగే వత్తుల్లాంటి వాటి కోసం చోటు వదిలిందని అర్థం. బొమ్మలకు డిస్‌ప్లే బ్లాక్ అని స్టైల్ రాస్తే ఆ చార పోతుంది.

ఇదే ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ తర్వాత 2013లో తెచ్చిన ఐపీపీ ఎవ్రీవేర్ అనే డ్రైవర్ అక్కర్లేని ప్రింటింగ్ ప్రమాణంలో దారి మార్చింది. పేజీని కూర్చే పని ఫోన్ చేస్తుంది, ప్రింటర్‌కు పీడబ్ల్యూజీ రాస్టర్ రూపంలో గీత వెంట గీతగా చుక్కలే అందుతాయి. మెమరీ పొదుపు అలాగే నిలిచింది, అక్షరాలు కూర్చే భారం ఆ పని వచ్చిన యంత్రం మీదికి వెళ్లింది. అందుకే ఇవాళ కొత్తగా ప్రింటర్ కొంటూ తెలుగు బిల్లులు తీయాలనుకునేవాళ్లు పెట్టె మీద ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఎయిర్‌ప్రింట్ గానీ ఉందా అని చూసుకోవాలి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్-ప్రింట్ మాత్రమే తెలిసిన పాత ప్రింటర్ ఇంట్లో ఉంటే ఇంగ్లిష్ లేబుళ్లకు, కెమెరా ఫొటోలకు నిశ్చింతగా వాడుకోవచ్చు. కొనే ముందు మాత్రం ‘లక్ష్మి’ అని ఒక్క మాట ప్రింట్ తీయించి, మవత్తు ఎక్కడ పడిందో చూడండి.