ఇంట్లోనే కారు వాష్, పాలిష్, వాక్స్: ఏడాది వాడిన సామాను మీద నా రివ్యూ

మాది నల్ల స్విఫ్ట్, కొని ఏడేళ్లు దాటింది, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ పార్కింగ్. ఇన్నేళ్లలో ఎక్కడా తగిలించలేదు, డెంట్ లేదు, కానీ పోయిన ఏడాది ఒక రాత్రి పెట్రోల్ బంకులో పెద్ద లైట్ల కింద ఆపి దిగి చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు, డోర్ల మీద కూడా అంతే, మనసు చివుక్కుమంది. ఒక డీటెయిలింగ్ షాపులో అడిగితే పాలిష్, సిరామిక్ కోటింగ్ (రంగు మీద వేసే గట్టి రక్షణ పొర) కలిపి 24 వేలు అన్నారు. అంత పెట్టదలుచుకోలేదు, సామాను తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను. ఏడాదైంది కాబట్టి ఏది పనికొచ్చింది ఏది రాలేదు అని రాస్తున్నా, నల్ల కారు ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి ఎందుకంటే గీతలు అన్నిటికంటే నలుపు మీదే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు ఆ గీతలు ఎలా పడ్డాయో చెప్పాలి, అది తెలియకపోతే ఎంత ఖరీదైన వాక్స్ కొన్నా దండగే. మా అపార్ట్‌మెంట్‌లో నెలకి ఇంత అని ఇస్తే రోజూ పొద్దున్నే కారు తుడిచేవాళ్లు ఉంటారు కదా, ఒకటే బకెట్, ఒకటే గుడ్డ, ఇరవై కార్లు. పక్క కారు టైరు మీది మట్టి ఆ గుడ్డలోనే ఉంటుంది, అదే గుడ్డతో మన బానెట్. పైగా చాలాసార్లు దుమ్ము మీదే పొడిగా తుడిచేస్తారు. దుమ్ములో ఉండేది సన్న ఇసుకే, దాన్ని పెయింట్ మీద పెట్టి రుద్దితే గీతలు కాక ఇంకేం పడతాయి. అతన్ని తప్పుపట్టను, రెండు గంటల్లో అన్ని కార్లు చేయాలంటే అలాగే కుదురుతుంది. నేను చెప్పింది ఒకటే, అన్నా డబ్బులు మామూలుగానే తీసుకో, అద్దాలు, టైర్లు మాత్రం చెయ్, రంగు మీద గుడ్డ పెట్టకు అని. నా ఏడాది అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఈ మాటే, పైసా ఖర్చు లేకుండా.

ఇక వాష్ సంగతి. షాంపూ మెగ్వయర్స్ గోల్డ్ క్లాస్ వాడుతున్నా. సుమారు 4 లీటర్ల నీళ్లకి 30 ఎంఎల్ చాలు, నురగ బాగా వస్తుంది, అసలు మంచిదనం నురగ కాదు, జారుడు. చెయ్యి పెడితే గ్లవ్ రంగు మీద జారిపోతూ ఉంటుంది, ఆ జారుడే మట్టిని గీత పడకుండా ఎత్తి తెస్తుంది. ఇంతకుముందు నేను గిన్నెలు తోమే లిక్విడ్ వేసేవాణ్ని, శుభ్రమైతే అవుతుంది కానీ వాక్స్ కూడా తీసుకుపోతుంది, కాబట్టి అది పాత వాక్స్ వదిలించాల్సిన రోజున మాత్రమే వాడుతున్నా. స్పాంజి పారేసి పీచు పీచుగా ఉండే మైక్రోఫైబర్ గ్లవ్ కొన్నాను, మట్టి పీచు లోపలికి పోతుంది, స్పాంజి అయితే దాన్ని పైపైనే పెట్టుకుని రుద్దుతుంది. బకెట్లు రెండు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. ఒక డోర్ చేశాక ఉత్త నీళ్లలో గ్లవ్ జాడించి అప్పుడు షాంపూలో ముంచాలి. పై నుంచి కిందకి రావాలి, డోర్ల కింది భాగం, బంపర్ ఆఖర్న, టైర్లకి వేరే గుడ్డ. మొదటిసారి కడిగాక ఆ ఉత్త నీళ్ల బకెట్ అడుగు చూస్తే వేలెడు మందాన ఇసుక పేరుకుని ఉంది, అదంతా ఇన్నాళ్లు కారు మీద రుద్దించాను కదా అని బాధ వేసింది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి, హైదరాబాద్‌లో బోరు నీళ్లంటే తెలిసిందే, బాత్రూమ్ ట్యాపుల మీద తెల్లగా పేరుకునేది ఏదో కారు మీద పేరుకునేదీ అదే, కాల్షియం మెగ్నీషియం. కడిగి అలా వదిలేస్తే ప్రతి చుక్కా ఎండి తెల్ల మచ్చ అవుతుంది, ఎండలో ఉంటే ఆ మచ్చ రంగులోకి దిగిపోతుంది. అందుకే పొద్దున ఆరు లోపే మొదలుపెడతాను, ఒక్కో వైపు కడగడం వెంటనే తుడవడం. దీనికి మందపాటి తువ్వాలు కావాలి, 800 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) పైన ఉన్నది, రుద్దకుండా పరిచి లాగితే నీళ్లు పీల్చేస్తుంది. లేత మచ్చలకి తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్ది రెండు నిమిషాలకి కడిగేస్తే నా కారు మీద పోయాయి. పైపు పెట్టి గంటలు గంటలు కడగక్కర్లేదు, పైన చెప్పిన రెండు బకెట్లు కాక ముందు మట్టి నానడానికి ఒకటి, ఆఖర్న జాడించడానికి రెండు, నాకు అంతే. బెంగళూరులో 2024 వేసవిలో నీళ్లకి కటకట వచ్చి తాగే నీళ్లతో కారు కడిగితే 5000 ఫైన్ పెట్టారు, అక్కడుండే మా తమ్ముడు అప్పటి నుంచి వారానికోసారి కడిగేది నెలకోసారి చేశాడు, కారుకి ఏమీ కాలేదు.

క్లే బార్ గురించి చాలామందికి తెలియదు. కడిగిన కారు మీద పల్చటి క్యారీ బ్యాగ్ చేతికి తొడుక్కుని వేళ్లతో నిమిరి చూడండి, గరుకుగా ఇసుక కాగితంలా తగిలితే అది కడిగితే పోయేది కాదు. బ్రేకుల నుంచి వచ్చే ఇనుప రజను, తారు, చెట్ల జిగురు, పక్క సైట్‌లో లేచే సిమెంట్ దుమ్ము, ఇవన్నీ పాతుకుపోయి ఉంటాయి. పిండి ముద్దలా ఉండే ఆ క్లేని షాంపూ నీళ్లు చల్లుకుంటూ మెల్లగా జరిపితే గరగర శబ్దం కాసేపటికి ఆగిపోతుంది, అప్పుడు అద్దంలా నున్నగా ఉంటుంది, నాకైతే మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే. రెండు జాగ్రత్తలు, ముద్దని మాటిమాటికీ మడిచి శుభ్రమైన వైపు వాడాలి, కింద పడితే మాత్రం కడిగి వాడొద్దు, పారేయాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.

ఇప్పుడు పాలిష్. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. కారు రంగు మీద పారదర్శకంగా క్లియర్ కోట్ అని ఒక పొర ఉంటుంది, మెరుపు దానిదే, ఎండ నుంచి కాపాడేదీ అదే. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, మనం ప్రింటర్‌లో పెట్టే కాగితం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది, అంటే కాగితంలో సగం. పాలిష్ చేయడం అంటే గీతలు పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. అందుకే "ప్రతి నెలా రబ్బింగ్ చేయిస్తా సార్ కొత్త కారులా ఉంటుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, కొన్నేళ్లకి క్లియర్ కోట్ పోయి బానెట్ మీద తెల్లగా పొట్టు లేచిన కార్లు రోడ్ల మీద చూస్తూనే ఉంటాం.

నేను వాడింది మెగ్వయర్స్ అల్టిమేట్ కాంపౌండ్, అంటే ఆ పొరని అరగదీసే మందు, 450 ఎంఎల్ బాటిల్, మొత్తం కారు చేసినా పావు వంతు కూడా అవలేదు. మొదట చేత్తో ఒక డోర్ చేశాను, భుజాలు పడిపోయాయి, సగం గీతలే పోయాయి. తర్వాత ఆన్‌లైన్‌లో చవగ్గా ఒక డీఏ పాలిషర్ తెప్పించాను, అంటే గుండ్రంగా తిరుగుతూ ఊగుతూ కూడా ఉండే మెషిన్. షాపుల్లో కనిపించే ఉత్త గుండ్రంగా తిరిగే రోటరీ మెషిన్ చేతికి అలవాటు లేనివాళ్లు ముట్టుకోవద్దు, ఒకేచోట కాసేపు ఆగినా వేడికి రంగు కాలిపోవచ్చు. నేను తెప్పించిన మెషిన్ పని చేస్తుంది కానీ ఊపు చాలా ఎక్కువ, అరగంటకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వైరు పొట్టిగా ఉండి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కావాలి, కొంచెం నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. ప్యాడ్ వెనక స్కెచ్ పెన్‌తో ఒక గీత పెట్టుకుంటే తిరుగుతోందో లేదో తెలుస్తుంది. మళ్లీ కొనాల్సి వస్తే ఇంకో మూడు వేలు వేసి మంచిదే కొంటాను.

పద్ధతి ఏంటంటే, ముందు ఎవరికీ కనపడని మూల చిన్న ముక్క చేసి చూడండి. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, అంచులు అన్నిటికీ మాస్కింగ్ టేప్ వేయండి, కాంపౌండ్ ప్లాస్టిక్‌కి అంటితే తెల్లగా ఉండిపోతుంది, పైగా అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది. రెండడుగుల చదరం తీసుకుని, ప్యాడ్ మీద నాలుగు చుక్కలు, అడ్డంగా నిలువుగా నిదానంగా మూడు నాలుగుసార్లు. తుడిచాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు కలిపి ఒకసారి తుడిస్తే కాంపౌండ్‌లోని నూనె పోయి నిజంగా గీత పోయిందో దాక్కుందో బయటపడుతుంది, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. సాలెగూడు గీతలు ముప్పావు వంతు పోయాయి, వేలి గోరుకి తగిలే లోతు గీతలు అలాగే ఉన్నాయి, వాటిని పోగొట్టాలని నేను ఇంకా రుద్దలేదు, క్లియర్ కోట్ మిగలడమే ముఖ్యం.

వాక్స్ ఫార్ములా 1 కార్నూబా పేస్ట్ వాడాను, డబ్బా 230 గ్రాములు, ఏడాదికి సగం కూడా అవలేదు. ఈ కార్నూబా బ్రెజిల్‌లో ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసే మైనం, మనం వేసుకునే మాత్రల పైన, చాక్లెట్ గోలీల పైన మెరుపు కూడా దీంతోనే వస్తుంది. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, పల్చగా, ఉందా లేదా అన్నంత పల్చగా పూయాలి, మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉండదు, తుడవలేక చెయ్యి నొప్పి మాత్రం మిగులుతుంది. ఆరాక వేలితో గీస్తే శుభ్రంగా రావాలి, అప్పుడు మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడిచేయడమే. నలుపు మీద వచ్చే ఆ లోతు, ఆ నిగనిగ, సిరామిక్ కోటింగ్ చేయించిన మా బావ కారు పక్కన పెట్టి చూసినా నాకు మాదే నచ్చింది. కాకపోతే ఎన్నాళ్లుంటుంది అంటే, మన ఎండలకి నిజం చెప్పాలి, ఏప్రిల్ మేలో ఐదారు వారాలు, మిగతా కాలం రెండు నెలలు. కార్నూబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది, మే నెల మధ్యాహ్నం ఆరుబయట నిలబెట్టిన నల్ల బానెట్ ఆ దరిదాపుల్లోకి వెళ్తుంది కాబట్టి అంతకంటే ఆశించడం అన్యాయం. వాన పడితే నీళ్లు ముత్యాల్లా నిలబడటం ఆగి పలకలా పరుచుకుంటున్నాయంటే మళ్లీ పూయాల్సిన టైం వచ్చినట్టు.

వాక్స్ విలువ నాకు తెలిసింది పావురాల వల్ల. రెట్ట పడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండితే అది రంగుని తినేస్తుంది, వాక్స్ ఉన్నప్పుడు మాత్రం తడి గుడ్డ పది నిమిషాలు పరిచి ఎత్తితే వచ్చేసింది, కింద మచ్చ లేదు. ఇంకోటి ఆయుధపూజ రోజు. పసుపు కుంకుమ బొట్లు బానెట్ మీద పెట్టడం మా అమ్మకి చాలా ఇష్టం, నాకూ ఇష్టమే, కానీ అవి ఎండి అంటుకున్నాక గోరుతోనో పొడి గుడ్డతోనో గీకితే బొట్టు ఉన్నంత మేర గీతలు పడతాయి. ముందు రోజు వాక్స్ వేసి, పూజ మర్నాడు నీళ్లు చల్లి నానబెట్టి తీస్తే మరక లేకుండా పోయింది. మా చిన్నాన్న తెల్ల కారు మీద పసుపు చారలు ఉండిపోతే నాలుగు రోజులు ఎండలో పెట్టమన్నాను, పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది కదా, అలాగే పోయింది.

మొత్తం సామానుకి మెషిన్‌తో కలిపి నాకు పదకొండు వేల దాకా అయింది, మెషిన్ లేకుండా అయితే ఐదు వేల లోపే. గీతలు అంతగా లేని కొత్త కారు అయితే మెషిన్, కాంపౌండ్ అసలు కొనకండి, షాంపూ, గ్లవ్, తువ్వాళ్లు, వాక్స్ చాలు. తువ్వాళ్లు మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి, ఫ్యాబ్రిక్ కండీషనర్ వేయొద్దు, వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తాయి. నాది తర్వాతి కోటు దసరాకి ముందు ఆదివారం, ఈసారి మా అబ్బాయి రెండో బకెట్ పట్టుకుంటానన్నాడు.