పరాయి చేపకు ఆ బలం ఎక్కడిది: ఒంట్లోదా, మనం వదిలినందుకా, నది ఇచ్చిందా?

కృష్ణాలో ఆఫ్రికా చేప తిలాపియా ఇంతలా ఎలా పెరిగిపోయిందన్న ప్రశ్న చేపల గురించి ఏం రాసినా వెంటనే ఎదురవుతుంది. అడిగేవాళ్ల దగ్గర జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. కొందరు ఆ చేపే మొండిదంటారు. కొందరు మనమే తెచ్చి వదిలాం, అనుభవిస్తున్నాం అంటారు. నది మారిపోయింది కాబట్టి అనేవాళ్లు తక్కువ. నేను ఆ తక్కువమంది వైపే ఉన్నాను. అలాగని మిగతా రెండు వాదాల్లో బలం లేదనను.

ముందు చేప సంగతి. తిలాపియా రెండు మూడు నెలలకే గుడ్లకు వస్తుంది. ఉప్పునీళ్లనూ తట్టుకుంటుంది, నాచు దగ్గర్నుంచి పక్క చేపల గుడ్ల దాకా ఏదైనా తింటుంది. అక్వేరియంల నుంచి మన నీళ్లలోకి చేరిన సక్కర్ చేపది ఇంకో రకం మొండితనం. ఒంటినిండా గట్టి ఎముక పలకలే, వలలో పడితే వల చిరగాల్సిందే. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పైకొచ్చి గాలి మింగి, పొట్టతోనే ఊపిరి తీసుకుంటుంది. గట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా ఉంటుంది.

ఇవన్నీ నిజాలే. కానీ ఏ చేప నిలిచిందో చూశాక ఆ చేప గుణాలను లెక్కపెట్టడం తేలిక. 1959లో మన దేశానికి వచ్చిన గడ్డిచేప (గ్రాస్ కార్ప్), వెండిచేప (సిల్వర్ కార్ప్) ఏం తీసిపోయాయి? వేగంగా పెరుగుతాయి, తిండి విపరీతం, ఒక్కో ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది. తిలాపియా ఒక విడతకు పెట్టేవి మహా అయితే వందలు, ఎప్పుడో వెయ్యి దాటుతాయి. గుడ్ల లెక్క చూస్తే మన నదులు ఈపాటికి వెండిచేప చేతిలో ఉండాలి. లేవు.

ఇక రెండో వాదం. ఎన్నిసార్లు, ఎన్ని పిల్లల్ని వదిలామన్నదే అసలు కారణమని శాస్త్రవేత్తల్లో చాలామంది అంటారు. దీనికి గట్టి ఆధారముంది. ప్రపంచంలో వెయ్యికి పైగా నదీ పరీవాహక ప్రాంతాలను పోల్చి 2008లో ఒక పరిశోధన వచ్చింది. పరాయి చేపల సంఖ్యను అన్నిటికన్నా బాగా చెప్పగలిగింది అక్కడి మనుషుల కార్యకలాపాలే, అంటే జనసాంద్రత, పట్టణాలు, ఆర్థిక కార్యకలాపాలు. వ్యాపారం ఎక్కువున్న చోట చేపల రాకపోకలూ ఎక్కువే కదా. కేరళలో 2018 వరదల తర్వాత చాలకుడి నదిలో అమెజాన్ చేప అరపైమా దొరికింది. చెరువుల నుంచి వరదతోపాటు కొట్టుకొచ్చింది. మన డెల్టాలో చేపల చెరువులు కాల్వలను ఆనుకునే ఉంటాయి, గట్టు తెగితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు వివరించక్కర్లేదు. తెలంగాణలో ఏటా ఉచితంగా పంచే చేపపిల్లల్లో బొచ్చె, రవ్వ, మ్రిగాల్ అనే మన చేపలతోపాటు బంగారు తీగ (కామన్ కార్ప్) కూడా ఉంటుంది. అదీ పరాయి చేపే.

అయినా ఈ వాదం ఒక్కచోట ఆగిపోతుంది. బంగారు తీగ, గడ్డిచేప, వెండిచేప మూడింటినీ చేపపిల్లల్ని పుట్టించే మన హేచరీలే పెంచాయి, మనవాళ్లే చెరువుల్లో, జలాశయాల్లో వేశారు. బంగారు తీగ చాలాచోట్ల సొంతంగా పిల్లలు పెట్టి స్థిరపడింది. మిగతా రెండూ ఎక్కువచోట్ల మళ్లీ మళ్లీ వేస్తేనే ఉంటున్నాయి. తేడా గుడ్లు పెట్టే తీరులో ఉంది. బంగారు తీగ గుడ్లు నిలవ నీళ్లలో గడ్డికి, నాచుకు అంటుకుంటాయి. గడ్డిచేప, వెండిచేప గుడ్లు పొదిగేదాకా పారే నీళ్లలో తేలుతూ పోవాలి.

దీనికి ఉల్టా సాక్ష్యం కూడా ఉంది. 1971లో హిమాచల్‌లో వరదకు ఒక చేపల ఫారం దెబ్బతిని, అందులోని వెండిచేపలు గోవింద్‌సాగర్‌లోకి పోయాయి. అవి అక్కడికి చేరింది ప్రమాదవశాత్తూనే. ఎగువన సట్లెజ్ చల్లగా, వడిగా వచ్చి కలిసే ఆ జలాశయంలో వాటి సంతానం నిలిచింది, తర్వాతి ఏళ్లలో బొచ్చె వెనకబడింది. అమెరికాలో మిసిసిపీ, ఇల్లినాయ్ నదుల్లో అదే వెండిచేప ఇవాళ పెద్ద తలనొప్పి. అవి పొడవుగా, ఆగకుండా పారే నదులు మరి. చేప మారలేదు, నీళ్లు మారాయి.

అందుకే మన దగ్గరి ప్రశ్నకు నా జవాబు ఆనకట్టల దగ్గర ఉంది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. కృష్ణాలో తొలకరి వరద ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటిగా ఈ గేట్ల అనుమతి తీసుకుని కిందికి రావాలి. బొచ్చె, రవ్వ లాంటివి వాన, వడి, పెరిగే నీటిమట్టం అన్నీ కలిస్తేనే గుడ్లు పెడతాయి. నిలవ నీళ్లలో వాటిచేత గుడ్లు పెట్టించలేకే 1957లో ఒడిశాలో మన చేపలకు హార్మోన్ ఇంజెక్షన్ పద్ధతి తేవాల్సి వచ్చింది. ఈరోజుకీ హేచరీల్లో గుండ్రటి తొట్టెలో నీళ్లు తిప్పుతూనే ఉంటారు, నది చేసే పనిని మోటారు చేస్తుంది.

తిలాపియాకు ఇవేవీ అక్కర్లేదు. మగచేప అంచుల్లో లోతులేని నీళ్లలో గుంట చేస్తుంది. జలాశయం తగ్గాక ఒడ్డు బురదలో పళ్లేల్లా వరసగా కనిపించే గుంటలు అవే. ఆడచేప అందులో గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. కరెంటు కోసమో సాగు కోసమో గేట్లు తీసి మూస్తుంటే నీటిమట్టం పడిపోతుంది. గడ్డికి అంటుకున్న గుడ్లు ఒడ్డున ఎండిపోతాయి. తిలాపియా తల్లి మాత్రం గుడ్లతో సహా లోతుకు జరుగుతుంది. మన గేట్ల టైం టేబుల్‌కు తట్టుకునే చేప అది.

అమెరికా గ్రేట్ లేక్స్ ప్రాంతంలో సహజమైన సరస్సులతో పోలిస్తే ఆనకట్ట జలాశయాల్లో పరాయి జీవులు కనిపించే అవకాశం, జాతినిబట్టి, 2.4 నుంచి 300 రెట్ల దాకా ఎక్కువని తేలింది. కాలిఫోర్నియాలో ప్యూటా క్రీక్ అనే చిన్న ఏరుంది. కోర్టు గొడవ తర్వాత 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆనకట్ట నుంచి రుతువులను అనుసరించి నీళ్లు వదలడం మొదలుపెట్టారు. 20 కిలోమీటర్లకు పైగా స్థానిక చేపలు మళ్లీ పైచేయి సాధించాయి.

వాతావరణం కలవడం, వేటాడే చేపలు ఉండటం కూడా కారణాలే. నీలగిరుల్లో వదిలిన ట్రౌట్ మైదానాలకు దిగలేదు, వేడి పడదు. మన నదులకొచ్చే పరాయి చేపల్లో ఎక్కువ వేడి ప్రాంతాలవే కాబట్టి ఈ జల్లెడ మనల్ని కాపాడేది తక్కువ. కొరమీను, వాలుగ ఉంటే పిల్లల్ని తింటాయి గానీ, నోట్లో పిల్లల్ని దాచుకునే చేపను అవి మాత్రమే అదుపు చేయలేవు.

మరి ఏ పని ముందు? ఇంకా నదికి చేరని చేపకైతే వదలకుండా చూడటమే ముఖ్యం. చెరువు తూముకు మెష్, గట్టుకు ఎత్తు, అక్వేరియం చేపను కాల్వలో వేయకపోవడం, ఇవి చవకైన పనులు. తిలాపియా లాంటి వచ్చేసిన చేపకు వలలతో పని జరగదు, తొలకరిలో నీళ్లు వదిలే తీరు మారాలి.

రూప్‌చంద్ విషయంలో మాత్రం నా లెక్క వేరు. చందువలా ఉంటుందని మన చెరువుల్లో పెంచుతున్న ఈ దక్షిణ అమెరికా చేప, తన సొంత నదుల్లో వరద వచ్చినప్పుడు ఎగువకు పోయి గుడ్లు పెట్టే రకం. కృష్ణాలో అది తిలాపియాలా స్థిరపడుతుందని నేను అనుకోను. ప్రాణహిత, ఇంద్రావతి వరద ఇంకా దిగివచ్చే గోదావరిలో అయితే అంత ధైర్యంగా చెప్పలేను. చెరువు తూములకు మెష్ బిగించే పని అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.