ఉద్దానంలో రెండెకరాలుంటే కొబ్బరా, జీడా, పశువులా: ఏది మేలు?

తోట కొనేవాళ్లు, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసేవాళ్లు మా వైపు, అంటే శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో, అడిగేది ఒకటే. కొబ్బరి మేలా, జీడి మేలా, నాలుగు పశువులు కట్టుకుంటే మేలా అని. విడివిడిగా అయితే ఏదీ మేలు కాదని నా అభిప్రాయం. కలిపితేనే గిట్టుబాటు. ఎలా కలపాలన్న దగ్గరే తిరకాసు ఉంది.

ముందు కొబ్బరి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాన్లు వచ్చాయి. ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మనల్ని కొట్టింది, తిత్లీ అయితే నేరుగా పలాస దగ్గరే దాటింది. తెల్లారేసరికి వజ్రపుకొత్తూరు నుంచి కవిటి దాకా చెట్లు పడుకున్నాయి. నాటు కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, పొట్టి రకాలైతే నాలుగేళ్లు. ఆ ఖాళీ ఏళ్లలో ఏం తింటాం? కొబ్బరి ఒక్కటే నమ్ముకున్న ఇళ్ల నుంచి మగాళ్లు రైలెక్కేశారు. పైగా ఇప్పుడు తెల్లదోమ ఒకటి, ఆకుల మీద నల్లటి మసి పట్టించి వదులుతోంది.

జీడికి నీళ్ల బెంగ లేదు, ఇసుక నేలలో కూడా బతుకుతుంది, పిక్కలు కొనడానికి పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలు పక్కనే ఉన్నాయి. కానీ పూత మీద మంచు పడితే ఆ ఏడు పోయినట్టే, డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒక్కసారే, 80 కిలోల బస్తాకి ధర చెప్పేది కూడా మనం కాదు, కొనేవాడు.

అందుకే రోజూ చిల్లర తెచ్చేది ఒకటి ఇంట్లో ఉండాలి, అది పశువే. ఏ పశువన్నదే అసలు పోలిక.

గేదె పాలలో వెన్న ఆరేడు శాతం, ఆవు పాలలో నాలుగు. పాలు వెన్నను బట్టి కొంటారు కాబట్టి అందరి కళ్లూ గేదె మీదే ఉంటాయి. అయితే గేదెకి పచ్చిగడ్డి కావాలి, పొర్లడానికి నీళ్లు కావాలి. మే నెలలో మన ఇసుక నేలల్లో ఆ రెండూ ఎక్కడివి? చెరువు కింద పల్లం ఉన్నవాళ్లకి గేదె సరే, తోటలో ఉండేవాళ్లకి జెర్సీ క్రాస్ ఆవు ఒకటి చాలు. కొబ్బరి నీడలో నేపియర్ గడ్డి నాలుగు సాళ్లు వేసుకుంటే సగం మేత అక్కడే దొరుకుతుంది.

మేకలంటే చాలామందికి మోజు. చూలు కట్టిన ఐదు నెలలకే ఈనుతాయి, పండక్కి మంచి ధర పలుకుతాయి, నిజమే. కానీ రోజంతా వాటి వెనక తిరిగే మనిషి ఇంట్లో ఉన్నాడా? లేకపోతే కొత్తగా నాటిన కొబ్బరి మొక్క, జీడి అంటు, పక్కవాడి మునగ అన్నీ సాయంత్రానికి సాఫ్. ఊళ్లో గొడవలు సగం మేకల వల్లే వస్తాయి (మిగతా సగం గట్లు తెస్తాయి). నా మట్టుకు మేకలు వద్దు.

నాటు కోళ్లు మాత్రం పది ఉండాల్సిందే. గుడ్లు, మాంసం సంగతి అలా ఉంచండి. ఆవు ఉంటే గత్తం (పేడ ఎరువు) గొయ్యి ఉంటుంది, ఆ గొయ్యిలో కొబ్బరిని తొలిచేసే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, అర్ధచంద్రంలా ముడుచుకుని ఉంటాయి. గత్తం తిరగేసి కోళ్లని వదిలితే అవే ఏరుకు తింటాయి. మిగిలిన వాటికి పురుగుల్ని చంపే మెటారైజియం అనే శిలీంధ్రం గొయ్యిలో కలిపితే సరి. కోళ్లకి కొక్కెర తెగులు టీకా మాత్రం తప్పదు, అది మర్చిపోతే వారంలో గూడు ఖాళీ.

ఇక ఎలుగుబంటి. జీడి పళ్లకి, పనసకి, చెదపుట్టలకి తోటల్లోకి వస్తుంది, 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర మనిషి ప్రాణం కూడా పోయింది. మూడు దారులు కనిపిస్తాయి. దొంగ కరెంటు తీగ కట్టడం నేరం, ఎలుగుతోపాటు మన ఆవు, మనమూ పోతాం. సోలార్ కంచె దెబ్బ చంపదు, కానీ తీగల కింద కలుపు తీస్తూ ఉండాలి, బ్యాటరీ చూసుకోవాలి, పైగా మనం కంచె కడితే ఎలుగు పక్క తోటకి పోతుంది. వాళ్లూ మనవాళ్లే కదా.

నేను మొగ్గేది మూడో దారికి, తోటలవాళ్లంతా కలిసి నడుచుకోవడానికి. పిక్క తీసుకున్నాక పళ్లు చెట్ల కింద వదలకుండా ఏరి దూరంగా గోతిలో కప్పెయ్యాలి. పిక్కలు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని చీకట్లోనే తోటకి పరిగెత్తే అలవాటు మానాలి. ఎలుగు ఎక్కువగా తిరిగేది రాత్రిళ్లు, తెల్లవారుజామున, సందెవేళ; మనిషిని హఠాత్తుగా దగ్గర్లో చూస్తేనే మీద పడుతుంది. ఊరు మొత్తం తెల్లారాకే వెళ్దాం అనుకుంటే ఎవరి పిక్కలూ పోవు, ఒక్కళ్లు అనుకుంటే మాత్రం వాళ్లవే పోతాయి. ఎలుగు కనబడితే ఫోన్ గ్రూపులో చెప్పడం, పిల్లతో ఉంటే ఆ వైపు రెండు రోజులు పోకపోవడం, తోటల మధ్య గుబురుగా ఉన్న వాగు గట్టు నరక్కుండా దాని దారికి వదిలేయడం, వీటికి పైసా ఖర్చు లేదు.

అడవి ప్రాణులతో ఇలా సర్దుకుపోవడం సాధ్యమా అంటే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చూసిరండి. జూన్‌లో చిల్లుముక్కు కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, రెట్ట కంపు, గోల, అన్నీ ఊరు భరిస్తుంది. అవి వరిమళ్లలో నత్తలు తింటాయి. అంతా సైబీరియా పక్షులంటారు గానీ అవి మన దేశానివే. ఒడిశా సరిహద్దు దాటితే గంజాం జిల్లా భేత్నోయిలో కృష్ణజింకలు పైరు మేస్తున్నా ఊరివాళ్లు కొట్టరు.

పశువుల సాల మాత్రం కొబ్బరిచెట్టు పడితే తగలనంత దూరంలో వెయ్యండి, తుపాను రాత్రి పలుపులు విప్పేయండి. ఆవుని తొందరపడి కొనకండి. అక్టోబర్ గండం దాటాలి, కోతలై కొత్త వరిగడ్డి ఇంటికి రావాలి. సంక్రాంతి వెళ్లాక సంతకి పోతే సరిపోతుంది.