నిలువు పళ్ల స్క్రూ ప్లయర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

గాడి పాడైన స్క్రూలు తీసే ఈ ప్లయర్ గురించి రాయమంటే నేను ముందు దాని ముక్కు కొస గురించే రాస్తాను. మిగతాదంతా మామూలే. రబ్బరు పిడి, వైర్లు కత్తిరించే అంచు, నట్టు పట్టుకునే వంపు ఏ కటింగ్ ప్లయర్‌కైనా ఉండేవే. తేడా అంతా దవడల చివర, ఒక సెంటీమీటరైనా లేని మేరలో ఉంది. అక్కడ పళ్లు అడ్డంగా కాకుండా నిలువుగా కోసి ఉంటాయి. దవడలు రెండూ మూసుకున్నప్పుడు కొసన చిన్న గుండ్రటి ఖాళీ మిగులుతుంది. స్క్రూ తల సరిగ్గా అందులో కూర్చుంటుంది. ఇంత చిన్న మార్పుతో ఇంత పని జరుగుతుందని వాడకముందు నమ్మలేదు. ఇన్నేళ్లు వాడాక కూడా దాని మీద మోజు తగ్గలేదు.

మామూలు ప్లయర్‌ని స్క్రూకి నిటారుగా పెట్టి, కొసతో తల పట్టుకుని తిప్పి చూడండి. దాని పళ్లు దవడకి అడ్డంగా ఉంటాయి. అంటే తల ఏ వైపు తిరగాలో ఆ గీతలూ అటే పోతుంటాయి. స్క్రూ మొరాయించిందా, దవడలు ఆ గీతల వెంబడే సాఫీగా జారిపోతాయి. ఎంత గట్టిగా నొక్కితే తల అంచు అంత నున్నబడుతుంది. నిలువు పళ్లు ఆ దారికి అడ్డం నిలబడతాయి. నొక్కేకొద్దీ అంచులోకి దిగబడతాయి. అప్పుడు మన బలం జారడానికి పోదు, తిప్పడానికే పోతుంది. తల మీద గాడి ఎంత పాడైందన్నది ఇక లెక్కలోకే రాదు. అంచు మిగిలి ఉంటే చాలు.

ఈ రకానికి పేరు తెచ్చింది జపాన్‌కి చెందిన ఇంజినీర్ అనే కంపెనీ, నేజిసారస్ అన్న పేరుతో. ఇప్పుడు ఇదే పద్ధతిలో చాలామంది చేస్తున్నారు. కొనేటప్పుడు పేరు కంటే పళ్లు చూసుకోండి. దవడ కొసన, లోపలి వైపు, నిలువు గీతలు లోతుగా, పదునుగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

నాకు దీని విలువ తెలిసింది ఒక పాత మోటార్ సైకిల్ కార్బ్యురేటర్ దగ్గర. అడుగున పెట్రోలు నిలిచే గిన్నె ఉంటుంది కదా, ఫ్లోట్ బౌల్. దాన్ని బిగించి పట్టే స్క్రూలు చిన్నవి, మెత్తటి ఉక్కువి. పైగా అవి దిగేది అల్యూమినియంలోకి. ఉక్కు, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ తడిలో ఏళ్లకేళ్లు ఉంటే మరల మధ్య తెల్లటి పొడి పేరుకుని రెండూ అతుక్కుపోతాయి. ఆ బండి నా చేతికి వచ్చేసరికే ఎవరో సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పీ తిప్పీ వాటి గాళ్లు పాడుచేసి పెట్టారు. మూడు స్క్రూలు కాస్త బతిమాలితే వచ్చేశాయి. నాలుగోదాని తల మీద ప్లస్ గుర్తు ఉండాల్సిన చోట గుండ్రటి గుంట మిగిలింది.

దానికి తోడు ఆ నాలుగోది ఉన్న చోటు కూడా ఇబ్బందికరమైనదే. ఒక పక్క గిన్నె గోడ, ఇంకో పక్క పోతలోనే వచ్చిన చిన్న దిమ్మ. నోస్ ప్లయర్‌ని పక్క నుంచి పెట్టడానికి సందు లేదు. రంపంతో తల మీద కొత్త గాడి కోద్దామంటే బ్లేడు ఆడే చోటు లేదు. మిగిలింది డ్రిల్ చేసి, స్క్రూని లోపలి నుంచి కరిచి విప్పే ఎక్స్‌ట్రాక్టర్ దించడమే. ఎక్స్‌ట్రాక్టర్ అంటే నాకు పడదు. ఎందుకో తర్వాత చెబుతాను.

కార్బ్యురేటర్ విప్పి, బల్ల మీద తిరగేసి పెట్టి, స్క్రూ చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున ప్లయర్‌ని పైనుంచి నిట్టనిలువుగా దించి తల చుట్టూ పట్టించాను. ఈ పనిలో కీలకం నిలువుగా పట్టడమే. ఏ మాత్రం ఒరిగినా ఒక పక్క పళ్లే తగులుతాయి. రెండు చేతులతో పిడి బిగించి, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు పిసరంత కదిపాను. అలా చేస్తే అతుక్కున్న పొడి ముందు పగులుతుంది. తర్వాత విప్పే వైపు తిప్పాను. టక్కుమని చిన్న చప్పుడైంది. పళ్లు జారాయేమో అనిపించి తీసి చూశాను. జారలేదు. తల అంచు చుట్టూ నాణెం అంచు మీద ఉండేలాంటి సన్నటి నిలువు గాట్లు వరసగా పడి ఉన్నాయి, ఎక్కడా చెదరకుండా. అంటే ఆ చప్పుడు స్క్రూ కదిలినప్పటిదే. మళ్లీ అవే గాట్లలో పళ్లు కూర్చోబెట్టి తిప్పితే కర్రుకర్రుమంటూ తిరిగింది. రెండు చుట్లయ్యాక వేళ్లతోనే వచ్చేసింది. మరల్లో ఆ తెల్ల పొడి అలాగే పట్టి ఉంది. గిన్నెకి గీత పడలేదు, లోపలి మర చెడలేదు. డ్రిల్ బయటికి తీయాల్సిన పనే పడలేదు. ఆ రోజు కలిగిన సంతోషం వల్లే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇక ఎక్స్‌ట్రాక్టర్ సంగతి. ఎడమ మరతో, కొస సన్నగా ఉండే ముక్క అది. పాడైన స్క్రూలో రంధ్రం చేసి, దాన్ని విప్పే వైపు తిప్పుతూ దించితే కరుచుకుని స్క్రూతో సహా బయటికి రావాలి. పెద్ద బోల్టులకి నిజంగానే వస్తుంది. చిన్న స్క్రూల దగ్గరే తంటా. రంధ్రం చేశాక స్క్రూ గోడలు పలచబడతాయి. ఎక్స్‌ట్రాక్టర్ దిగేకొద్దీ ఆ గోడల్ని బయటికి నెడుతుంది, దాంతో స్క్రూ తన మరల్లో ఇంకా బిగుసుకుంటుంది. ఇటు ఎక్స్‌ట్రాక్టరేమో ఆ సైజులో పుల్లంత ఉంటుంది. గట్టిదనం కోసం బాగా పదునుపట్టిన ఉక్కు కాబట్టి వంగదు, విరుగుతుంది. నా దగ్గర ఒక ఇంజన్ కవర్ స్క్రూలో అలాగే పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయింది. ఆ విరిగిన ముక్కని డ్రిల్ చేసి తీసేద్దామంటే మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. కార్బైడ్ బిట్టు కావాలి, లేదంటే విద్యుత్ రవ్వలతో లోహాన్ని కరిగించే యంత్రం ఉన్న వర్క్‌షాపుకి పట్టుకెళ్లాలి. చిన్న తలనొప్పిగా మొదలైన పని అలా కొరకరాని కొయ్యగా మారింది. అప్పటి నుంచి ఐదు మిల్లీమీటర్ల కంటే సన్నటి స్క్రూల మీద దాన్ని పెట్టడం మానేశాను. డ్రిల్ చేయక తప్పదంటే ఎడమ వైపు తిరిగే బిట్టు వాడతాను. అది కోస్తూ కోస్తూ మధ్యలో కరుచుకుందంటే స్క్రూని తనతో పాటు విప్పేస్తుంది. చాలాసార్లు రంధ్రం పూర్తయ్యేలోపే పని అయిపోతుంది.

సరే, ప్లయర్‌కి వద్దాం. పైన రాసింది చదివి ఇది దేన్నైనా లాగేస్తుందని అనుకోకండి. కార్బ్యురేటర్ దగ్గర సగం పని రాత్రంతా నానిన నూనె చేసింది. అదే బండికి హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఉంటుంది. దాని స్క్రూలు లోహంలోకి సమంగా దిగిపోయే రకం, తల పైకి తేలదు. అక్కడ ఈ ప్లయర్ ఎందుకూ కొరగాలేదు. పట్టుకోవడానికి అంచే లేనప్పుడు పళ్లు ఎలా ఉంటే ఏం లాభం? చెక్క సామానులో దిగేసిన స్క్రూలైనా, లోతైన గుంటలో కూర్చున్న తలలైనా ఇదే కథ.

మూత స్క్రూలకి పని చేసింది సుత్తితో కొట్టే చేతి ఇంపాక్ట్ డ్రైవర్. పైన దెబ్బ వేయగానే లోపలున్న ఏటవాలు గాడి ఆ దెబ్బని కొద్దిపాటి తిప్పుడుగా మారుస్తుంది. తిరిగే క్షణంలోనే బిట్టు గాడిలోకి గట్టిగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి పైకి ఎగదన్నదు. కాకపోతే పలచటి పోత మీదా ప్లాస్టిక్ మీదా కొడితే పగుళ్లొస్తాయి. హ్యాండిల్ కింద చెక్క దన్ను పెట్టి, పెయింటు మీద బ్రేక్ ఆయిల్ పడకుండా చుట్టూ గుడ్డ కప్పి కొట్టాను. ఆ ఆయిల్ పెయింటుని తినేస్తుంది.

తల పైకి తేలి ఉన్నా కొన్ని తిప్పలు తప్పవు. పుట్టగొడుగులా పలచగా, వెడల్పుగా ఉండే తలల అంచు మరీ సన్నం. పళ్లకి అందేది కొంచెమే, సగం సార్లు జారుతుంది. ఆరు మూలల గుంట ఉండే అలెన్ బోల్టుల తల గట్టి ఉక్కు, గాట్లు అంత తేలిగ్గా పడవు. సైజు కూడా చూసుకోవాలి. నా ప్లయర్ సుమారు 9.5 మిల్లీమీటర్ల తల వరకు పడుతుంది. ఎం5 (అంటే మర వ్యాసం 5 మిల్లీమీటర్లు) అలెన్ తల 8.5 మిల్లీమీటర్లు కాబట్టి అందుతుంది. ఎం6 తల 10, అది అందదు. మామూలు గుండ్రటి తల ప్లస్ స్క్రూల్లో ఎం3, ఎం4 హాయిగా పడతాయి, ఎం5 అంచు మీద ఉంటుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ఉండే బుల్లి స్క్రూలకి ఈ ముక్కు మరీ మొద్దు.

వాడేకొద్దీ తెలిసిన ఇంకో సంగతి, పళ్ల మధ్య ఉక్కు రజను ఇరుక్కుపోతుంది. కంటికి ఆనదు కానీ పట్టు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ప్లయర్ అరిగిపోయిందనుకునే సమయానికి ఒకసారి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే మళ్లీ కొత్తదానిలా కరిచింది. ఇప్పుడు ప్రతి పని తర్వాతా రుద్దుతున్నాను. అయినా నిజంగా అరుగుదల లేదని చెప్పను. ఒక దవడలో చివరి రెండు పళ్ల కొసలు మొద్దుబారాయి, చిన్న తలల దగ్గర ఆ తేడా తెలుస్తోంది. పిడి సంగతి కూడా అంత గొప్పగా ఏమీ లేదు. నాలుగైదు మొండి స్క్రూలు వరసగా తీస్తే అరచేయి నొప్పెడుతుంది. లాకింగ్ ప్లయర్‌లా బిగించి వదిలేసే వీలుంటే బాగుండేది. ఆ సదుపాయంతో వచ్చేవీ ఉన్నాయి కానీ నేను వాడలేదు.

దీంతో తీసిన స్క్రూని మళ్లీ వాడొద్దు. అంచంతా గాట్లే కాబట్టి చేతికి గీరుకుంటుంది, గాడి ఎలాగూ పోయింది. కార్బ్యురేటర్‌కి నేను స్టెయిన్‌లెస్ అలెన్ స్క్రూలు వేశాను, మరలకి పట్టేయకుండా చేసే గ్రీజు రాసి. అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ వేసేటప్పుడు ఆ గ్రీజు తప్పనిసరి. లేదంటే కొన్నేళ్లకి మళ్లీ అదే తంతు.

ఈ తలలు అసలు పాడవడానికి కారణం చాలాసార్లు తుప్పు కాదు, సరిపోని బిట్టు. 1936లో హెన్రీ ఫిలిప్స్‌కి పేటెంట్లు వచ్చిన ప్లస్ గాడికి గోడలు ఏటవాలుగా ఉంటాయి. జోరు పెరిగితే బిట్టు పైకి ఎగదన్నుతుంది. జపాన్ బళ్ల మీద ఉండే జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) గాడి చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా ఫిలిప్స్ బిట్టు అందులో పూర్తిగా కూర్చోదు. తల మీద చిన్న చుక్క కనిపిస్తే అది జేఐఎస్ కావచ్చని గుర్తు. దానికి తగ్గ డ్రైవర్ ఒకటి కొన్నాక ప్లయర్ అవసరం నాకు బాగా తగ్గింది. గాడి సగమే పోయినప్పుడు బిట్టు కొసకి వాల్వులు నూరే గరుకు పేస్టు కాస్త రాసినా పట్టు పెరుగుతుంది. ముందు అది చూసి, కుదరకపోతేనే ప్లయర్ తీస్తాను.

నేను చేసేవి ఎక్కువగా పాత బళ్లు, కుట్టు మిషన్లు, మిక్సీలు, ఫ్యాన్లు. వీటిలో తల పైకి ఉండే స్క్రూలే ఎక్కువ, అందుకే నాకు ఇది చేతికి మొదట తగిలే సామానైంది. చెక్క పని చేసేవాళ్లకో ఫోన్లు బాగుచేసేవాళ్లకో ఇదే మాట చెప్పలేను. వాళ్లకి ఆ డబ్బులు ఇంపాక్ట్ డ్రైవర్ మీదో మంచి బిట్ల సెట్టు మీదో పెట్టడమే మేలు. కొనేవాళ్లు మాత్రం వీలైతే చేతిలోకి తీసుకుని, ఒక మామూలు స్క్రూని పైనుంచి పట్టి తిప్పి చూడండి. పళ్ల గాట్లు అంచు చుట్టూ రెండు వైపులా సమానంగా పడకపోతే, దవడలు సరిగ్గా కలవడం లేదన్నమాట, అది తీసుకోకండి.