రెండో డ్రైవ్‌గా 4 టీబీ హార్డ్ డిస్క్: చాలాకాలం వాడాక తేలింది

విండోస్ ఎస్ఎస్‌డీలో, మిగతా సామాను హార్డ్ డిస్క్‌లో. ఇంటి డెస్క్‌టాప్‌కి నా ఓటు ఇప్పటికీ ఈ ఏర్పాటుకే. వాడుతున్నది 3.5 అంగుళాల 4 టీబీ డ్రైవ్, 5400 ఆర్‌పీఎం, ఎస్ఎంఆర్ రకం. ఫొటోలు, సినిమాలు దాచుకోవడానికి భేషుగ్గా ఉంది. గేములు, వీడియో ఎడిటింగ్ కూడా దీని మీదే అంటే విసుగొస్తుంది.

ఎస్ఎంఆర్ అన్న మాట డబ్బా మీద కనిపించదు. ఇందులో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. చిన్న కాపీల్లో తేడా తెలీదు. వందల జీబీ ఒకేసారి ఎక్కిస్తే, మొదట సెకనుకు 150 ఎంబీ దాటిన వేగం తర్వాత 30, 40కి పడిపోతుంది. డ్రైవ్ పోయిందని కంగారొద్దు, ఖాళీగా వదిలేస్తే అదే సర్దుకుంటుంది. రోజూ రాతపని ఎక్కువుంటే కంపెనీ స్పెసిఫికేషన్లలో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని రకం) అని ఉన్న మోడల్ నంబరే చూసి కొనండి.

డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా డేటా కేబుల్ డ్రైవ్‌తో మామూలుగా రాదు, విడిగా కొనాలి. స్క్రూలు కాస్త లావువి కావాలి. ఎస్ఎస్‌డీకి వాడే సన్నవి ఇందులో పట్టు దొరక్క వదులుగా తిరుగుతాయి, కేబినెట్ గుర్రుమంటుంది. పవర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక అడాప్టర్లలో, ప్లాస్టిక్ పోతపోసిన రకంలో లోపలి తీగలు దగ్గరై షార్టయ్యే ప్రమాదం ఉంది, కాలిపోయినవి ఉన్నాయి. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే పవర్ సప్లై) అయితే దాని కేబులే వాడాలి. వేరే మోడల్ కేబుల్ సరిగ్గా దూరినంత మాత్రాన తీగల వరస ఒకటే కాదు. 5 వోల్టుల చోట 12 వస్తే డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది.

బయోస్‌లో కనపడకపోతే మదర్‌బోర్డు మాన్యువల్ తీయండి. చిన్న ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోయే బోర్డులు చాలా ఉన్నాయి. పోర్టు మారిస్తే సరి. బయోస్‌లో ఉండి 'దిస్ పీసీ'లో లేకపోతే లోపమేమీ లేదు: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనీషియలైజ్ చేసి, పార్టిషన్ పద్ధతిగా జీపీటీ ఎంచుకుని, ఎన్‌టీఎఫ్ఎస్‌తో ఫార్మాట్ చేయాలి. పాత పద్ధతి ఎంబీఆర్ ఎంచుకుంటే 2 టీబీ దాటిన జాగా చేతికి రాదు. చివరికి 3.63 టీబీ అని చూపిస్తుంది, అది లెక్కల తేడా, మోసం కాదు.

డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను ఈ హార్డ్ డిస్క్‌లోకి మార్చేటప్పుడు నేరుగా డీ డ్రైవ్‌నే చూపించకండి. ముందు అందులో ఒక్కోదానికి ఒక ఫోల్డర్ చేయండి. లేకపోతే మొత్తం డ్రైవే డాక్యుమెంట్స్ అయిపోయి, వెనక్కి తేవడం తలనొప్పి.

కాసేపు ముట్టుకోకపోతే విండోస్ డిస్క్‌ను నిద్రపుచ్చుతుంది. మళ్లీ ఫోల్డర్ తెరిస్తే కొన్ని సెకన్లు బిగుసుకుంటుంది. పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్క్ ఆపే సమయాన్ని సున్నా చేస్తే ఆ బాధ ఉండదు. ఎండాకాలంలో కేబినెట్ ముందువైపు ఫ్యాన్ గాలి నేరుగా తగిలే అరలో పెడితే మేలు.

అప్పుడప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్) తెరిచి చూడండి. సీ7 వరసలో (డేటా పంపడంలో వచ్చిన తప్పులు) అంకె పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని, మార్చి చూడండి. 05, సీ5 (డిస్క్‌లో పాడైన, అనుమానాస్పద చోట్లు) పెరుగుతుంటే మాత్రం ఆ రోజే డేటా వేరే డ్రైవ్‌లోకి తీసేయండి.