మార్గళి కచేరీలకు తిరుపతి నుంచి చెన్నై: ఎక్కడ ఉండాలి, ఏవి వినాలి

మామూలుగా మన తిరుపతి వాళ్లు చెన్నై వెళ్లేది ఆస్పత్రికో, టీ నగర్‌లో పెళ్లి చీరలకో, లేకపోతే ఎయిర్‌పోర్టుకో. కచేరీ వినడానికి వెళ్తున్నానంటే మా అత్తయ్య "మహతిలో ఊరికే పెడతారు కదమ్మా, దానికోసం అంత దూరం దేనికి?" అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే. మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కొండ మీద నాదనీరాజనం, ఒక సంగీత కళాశాల, పూర్ణకుంభం సర్కిల్లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి విగ్రహం, ఇన్ని ఉన్న ఊరు మనది, పైగా టికెట్ కూడా లేదు. అయినా డిసెంబర్ వస్తే నేను చెన్నై వెళ్తాను, తమిళుల మార్గళి నెలలో అక్కడి సభల్లో, అంటే సంగీత సంస్థల హాళ్లలో, జరిగే కర్ణాటక సంగీత కచేరీల సీజన్ కోసం. పాడేవాళ్ల కోసం ఎంత వెళ్తానో వినేవాళ్ల కోసం కూడా అంతే వెళ్తాను.

ముందు ప్రయాణం సంగతి. పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మధ్యాహ్నం లోపే సెంట్రల్‌లో దిగుతాం. స్టేషన్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, అక్కడ లోకల్ రైలు ఎక్కి తిరుమయిలైలో దిగితే మైలాపూర్ సభలన్నీ ఆటో దూరంలోనే. వెళ్లడం ఇంత సులువు. తిరిగి రావడంలోనే ఉంది అసలు టెన్షన్. సాయంత్రం పెద్ద కచేరీ అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది, గరుడాద్రి అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మన వైపు బస్సులేమో మాధవరం నుంచి, అంటే మైలాపూర్‌కి ఊరి అవతలి చివర. ఆ వేళప్పుడు ఆటోవాళ్లతో బేరమాడి, బస్సు పట్టుకుని, ఏ అర్ధరాత్రో ఇల్లు చేరేసరికి విన్న రాగం ఒక్కటీ బుర్రలో మిగలదు. కాబట్టి నా సలహా ఒక్కటే, ఒక రాత్రి ఉండండి.

ఉండటానికి నేను చూసినవి రెండు చోట్లు. ఎగ్మూర్ కెన్నెట్ లేన్‌లో లాడ్జీలు చాలా ఉన్నాయి, స్టేషన్‌కి దగ్గర, రేటు కూడా భరించేటట్టే ఉంటుంది. కానీ నేను దిగిన లాడ్జిలో ఆన్‌లైన్‌లో చూపించిన రూమ్ వేరు, ఇచ్చిన రూమ్ వేరు, వేడినీళ్లు పొద్దున కాసేపే. గది చూడకుండా డబ్బు మొత్తం కట్టకండి. ట్రిప్లికేన్ నాకు ఎక్కువ నచ్చింది. అక్కడి మాన్షన్లు ఎక్కువగా ఒంటరి మగవాళ్ల కోసం కట్టినవి, ఫ్యామిలీకి ఇస్తారా అని ముందే అడగాలి. ఇచ్చేది దొరికితే మాత్రం వదలకండి. మార్గళి కదా, పార్థసారథి కోవెల దగ్గర తెల్లవారకముందే తిరుప్పావై మొదలవుతుంది, వీధంతా ముగ్గులు, దర్శనం చేసుకుని రత్నా కేఫ్‌లో సాంబార్ ఇడ్లీ తిని సభకి బయల్దేరొచ్చు. చలికాలం పొద్దుటిపూట ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

ఇక కచేరీలు. అందరూ పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీకే టికెట్ కోసం పరుగెత్తుతారు. మ్యూజిక్ అకాడమీలో ముందు వరసలు చాలావరకు సీజన్ టికెట్ వాళ్లవే, మనలాంటి బయటూరి వాళ్లం పొద్దున్నే కౌంటర్ దగ్గర క్యూ కట్టి రోజు టికెట్ తీసుకోవాలి, అదీ దొరికితే బాల్కనీ. ఆ హాల్లో బాల్కనీలో కూర్చున్నా తంబూరా నాదం వినిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 1928లో మొదలైన సంస్థ, దాని క్రమశిక్షణ దానిది, చెప్పిన టైముకి తెర లేస్తుంది.

కానీ నేను మీకు గట్టిగా చెప్పేది మధ్యాహ్నం కచేరీల గురించి. చాలా సభల్లో వాటికి టికెట్ ఉండదు, నేరుగా వెళ్లి నచ్చిన చోట కూర్చోవచ్చు. పాడేది ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్లకి ఇచ్చేది గంటన్నర, ఆ గంటన్నరలో ఏడాది సాధన మొత్తం చూపించాలి. నేను విన్న ఒక అమ్మాయి తోడి రాగం ఎంత నిదానంగా, ఎంత ధైర్యంగా పాడిందో! హాల్లో వందమంది కూడా లేరు, ఉన్నవాళ్లలో సగం మంది ఒళ్లో చేతులతో తాళం వేస్తున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చిన్న నోట్ పుస్తకంలో రాగం, కృతి, తాళం రాసుకుంటోంది. నేను తెలుగు దాన్నని తెలిసి "ఈ చరణానికి అర్థం ఏమిటమ్మా, సరిగ్గా చెప్పు" అని అడిగింది. చెప్పాను. రాసుకుంది. త్యాగరాజు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, అన్నమయ్య, అక్కడ పాడేవాటిలో ఎక్కువ భాగం మన భాషే, వినేవాళ్లలో మనం మాత్రం తక్కువ. కొందరు పిల్లలు మాటల్ని తప్పుగా విరిచి పాడతారు, ఆ మాట నిజమే. అర్థం కనుక్కుని, నేర్చుకుని, పదం పదం తేటగా పాడేవాళ్లూ ఉన్నారు, వాళ్లని వింటుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

మన దగ్గర ఏం తక్కువ? అన్నమయ్య రాగిరేకులు దొరికింది మన కొండ మీదే. ఆ సంకీర్తనలకి బాణీలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారికి 1974లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో అదే మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మనకి పాటా ఉంది, హాలూ ఉంది. లేనిది కుదురుగా కూర్చునే జనం. మన సభల్లో శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికే సగం సమయం పోతుంది, కచేరీ మధ్యలో ఫోన్లు మోగుతాయి, మంగళం పాడేలోపు కుర్చీలు ఖాళీ. అక్కడ కూడా తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే క్యాంటీన్‌కి లేచిపోయేవాళ్లు ఉన్నారు, పాపం మృదంగం ఆయన ఖాళీ కుర్చీలకి వాయిస్తుంటే నాకు కోపమే వచ్చింది. మిగతా సమయమంతా మాత్రం వింటారు.

క్యాంటీన్ అంటే గుర్తొచ్చింది, భోజనానికి బయట వెతుక్కోకండి. సీజన్‌లో పెద్ద సభలన్నిటిలో క్యాంటీన్ నడుస్తుంది, అరిటాకు భోజనం, అరటిపువ్వు వడ, కాశీ హల్వా, మంచి ఫిల్టర్ కాఫీ. మధ్యాహ్నం క్యూ పెద్దది, పన్నెండు లోపే తినేస్తే మేలు. కచేరీ వినని వాళ్లు కూడా భోజనానికే వస్తారు.

ఒకసారి ఊరి బయట పెద్ద మైదానంలో సినిమా పాటల షోకి కూడా వెళ్లాం. టికెట్ రేటు సభల కంటే చాలా రెట్లు ఎక్కువ, పార్కింగ్ నుంచి గేటుకే చాలాసేపు నడక, పాట సగం స్పీకర్లలో, సగం పక్కవాళ్ల అరుపుల్లో. పిల్లలకి బాగా నచ్చింది. నేను మళ్లీ వెళ్లను.

వెళ్లాలనుకునేవాళ్లు నవంబర్‌లోనే గది చూసుకోండి, క్రిస్మస్ వారంలో దొరకడం కష్టం. డాన్స్ ఇష్టమైతే అకాడమీలో నృత్యోత్సవం జనవరి మొదట్లో ఉంటుంది, సంక్రాంతి పనులు మీద పడేలోపు వెళ్లొచ్చేయొచ్చు. ఈసారి మా అత్తయ్యని దానికే తీసుకెళ్తున్నా, ఆవిడకి సంగీతం కంటే నాట్యమే ఇష్టం.