ధ్రువాల సముద్రపు మంచు: విస్తీర్ణం కొలవడం మేలా, మందం కొలవడం మేలా?

ధ్రువ సముద్రాల మంచు దశాబ్దాల తరబడి ఎలా మారుతున్నదో చెప్పడానికి ఉపగ్రహాలకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. సముద్రం నుంచి సహజంగా వెలువడే మైక్రోవేవ్ తరంగాలను రేడియోమీటర్‌తో పట్టి మంచు ఎంతమేర పరచుకుందో లెక్కగట్టడం ఒకటి. రాడార్‌తోనో లేజర్‌తోనో మంచు ఉపరితలం ఎత్తును కొలిచి దాని మందాన్ని అంచనా వేయడం రెండవది. మామూలు కెమెరా చిత్రాలు వివరంగానే ఉంటాయి కానీ, నెలల తరబడి సాగే ధ్రువరాత్రికీ మేఘాలకూ అవి లొంగిపోతాయి కనుక ఈ పోటీలో వాటిని పక్కన పెట్టవచ్చు.

రేడియోమీటర్ చూపు మోటుది. సముద్రాన్ని చదరపు గడులుగా విడదీసి లెక్కిస్తారు; ఒక్కో గడి భుజం సుమారు 25 కిలోమీటర్లు. గడిలో కనీసం 15 శాతం మంచు ఉంటే ఆ గడి మొత్తాన్నీ మంచు విస్తీర్ణంలో కలిపేస్తారు. వేసవిలో మంచు మీద నిలిచే కరుగునీటి మడుగులను అది తెరపి సముద్రంగా పొరబడి, మంచును తక్కువ చేసి చూపుతుంది. అయినా 1978 అక్టోబరులో ఎగిరిన నింబస్-7 ఉపగ్రహం మొదలు, 1987 నుంచి అమెరికా రక్షణశాఖ వాతావరణ ఉపగ్రహాల మీదుగా ఈ లెక్క దాదాపు తెగకుండా సాగింది. పాత పరికరమూ కొత్తదీ కొన్ని వారాలపాటు ఒకే మంచును చూసేలా జాగ్రత్తపడి, రెండింటి లెక్కలనూ సరిచూసుకున్నారు. పదునైన కొత్త పరికరాల కంటే ఈ అతుకుల శ్రద్ధే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. ఎందుకంటే పరికరం మారినప్పుడు పుట్టిన తేడాను మంచులో వచ్చిన మార్పుగా భ్రమపడే ప్రమాదం దీర్ఘకాలిక పరిశీలనలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయి కొత్త కనిష్ఠాన్ని నమోదు చేసిందని ధీమాగా చెప్పగలగడం ఈ వరుస వల్లనే.

మందం సంగతి వేరు. విస్తీర్ణం మారకుండానే, ఏళ్లనాటి గట్టి మంచు పోయి ఆ ఏడు పుట్టిన పలచని మంచు దాని చోటు ఆక్రమించవచ్చు. రేడియోమీటర్ లెక్కలో ఆ నష్టం కనబడదు. 2010లో ఎగిరిన క్రయోశాట్-2 రాడార్‌తోను, 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 సెకనుకు 10,000 లేజర్ మెరుపులతోను ఈ లోటు తీరుస్తున్నాయి. అయితే తేలే మంచులో నీటిపైన ఉండేది సుమారు పదో వంతే. పైభాగపు కొలతలో ఒక సెంటీమీటరు తప్పు జరిగితే మందంలో పది సెంటీమీటర్ల వరకు తప్పు వస్తుంది. దీనికి తోడు పైన పేరుకున్న హిమం (ఆకాశం నుంచి రాలిన మెత్తటి మంచు) బరువు ఎంతో ఊహించవలసి వస్తుంది. లేజర్ హిమం పైపొర నుంచి తిరిగివస్తుంది, రాడార్ చాలావరకు దాన్ని దాటి మంచుదాకా పోతుందని భావిస్తారు. ఈ తేడాతోనే హిమం లోతు రాబట్టాలని 2020లో క్రయోశాట్-2 కక్ష్యను ఐస్‌శాట్-2 దారికి దగ్గరగా సర్దారు.

ఆర్కిటిక్‌లో ఎంత మంచు మిగిలిందని అడిగితే మందపు కొలత లేనిదే జవాబు లేదు. కానీ నలభై ఏళ్లకు మించిన ధోరణి కావాలంటే నేను రేడియోమీటర్ వైపే మొగ్గుతాను. దక్షిణాన, అంటార్కిటిక్‌లో, ఈ మొగ్గు ఇంకా బలపడుతుంది: అక్కడ దట్టమైన హిమం బరువుకు మంచు నీటిమట్టం కిందికి కుంగి తడిసిపోతుంది కనుక మందపు లెక్కలు మరింత సందిగ్ధంగా ఉంటాయి. 2014లో రెండు కోట్ల చదరపు కిలోమీటర్లు దాటిన అంటార్కిటిక్ శీతాకాలపు మంచు 2016 తర్వాత దిశ మార్చుకుందనీ, 2023 ఫిబ్రవరిలో వేసవి మంచు 18 లక్షల దరిదాపులకు పడిపోయిందనీ మనకు చూపింది ఆ మోటు గడుల లెక్కే.